రెండోసారి అడగని ఊరు

పోయిన వారం మా ఊరి ఐస్ హాకీ జట్టు వాళ్ళ దగ్గర్నుంచి పోస్టులో ఈ ఏటి ఆటలన్నిటికీ పనికొచ్చే సీజన్ కార్డులు వచ్చాయి, రెండు. ఒంటి మనిషివి, నీకు రెండెందుకయ్యా అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు గానీ, అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కథే ఉంది. వద్దండీ, ఇప్పుడే తిని వచ్చానండీ అంటూనే విస్తరి ముందు కూర్చున్న మన తరం వాళ్ళకైతే అది చెప్పకముందే సగం అర్థమవుతుంది.

నేను ఉద్యోగానికని జర్మనీలో ఈ లైప్‌జిగ్ వచ్చిన కొత్తల్లో, తెలుగు మాట వినబడితే ట్రామ్‌లో తల తిప్పి చూసే రోజుల్లో, మా స్టాపు ఎదురుగా ఒక పెద్దాయన దుకాణం ఉండేది. ఊరు చుట్టూ చదును నేల, గాలికి అడ్డే లేదు. వేసవంతా ఆయన సైకిళ్ళు బాగుచేసేవాడు, చలి మొదలైతే మంచు మీద ఆడేవాళ్ళ స్కేట్లకు సాన పట్టేవాడు. ఆ సాన చప్పుడు వింటూ, నా వచ్చీరాని జర్మన్‌లో రెండు ముక్కలు మాట్లాడి గదికి పోవడమే నాకు రోజు మొత్తానికి కాలక్షేపం.

నవంబరులో ఒక శుక్రవారం ఆయన బల్ల మీద నుంచి ఒక కార్డు నా వైపు జరిపి, సాయంత్రం ఆటకు వస్తావా అని అడిగాడు. నా ప్రాణం లేచొచ్చింది. అయినా నోట్లోంచి ఊడిపడిందేమిటి? అబ్బే, వద్దండీ, మీకెందుకు శ్రమ అని! తెనాలిలో మా మేనత్త దగ్గర అలా అంటే, చాల్లే నీ మొహమాటం అని రెక్క పట్టుకుని లాక్కుపోయేది. ఈయన సరేనని తలూపి కార్డు సొరుగులో పెట్టేశాడు. నేనింకా రెండోసారి అడుగుతాడని అక్కడే నిలబడ్డాను, ఆయన సాన మొదలుపెట్టాడు.

ఆ చలికాలమంతా ఎదురుచూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, బాగున్న సైకిల్ చక్రం వదులైందని రెండుసార్లు పట్టుకెళ్ళాను. చక్రం బాగానే ఉంది అని చెప్పి పంపేశాడు గానీ ఆట ఊసెత్తలేదు. ప్రతి శుక్రవారం ఒకే ట్రామ్‌లో వెళ్ళేవాళ్ళం. నీలం మఫ్లరు చుట్టుకుని ఆయన స్టేడియం దగ్గర జనంతోపాటు దిగిపోయేవాడు, ఖాళీ అయిన పెట్టెలో నేను ఇంకో మూడు స్టాపులు కూర్చుని నా ఖాళీ గదికి చేరేవాడిని. అడగందే అమ్మైనా పెట్టదంటారు; అడిగిన మనిషికి వద్దని చెప్పి పస్తున్న వాణ్ణి నేను.

ఫిబ్రవరిలో ఒకనాడు ఇక ఉండబట్టలేక నేనూ దిగేశాను. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్తే, నిలబడి చూసే మెట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం, ఆయన పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు, అందులో ఆయన కాఫీ ఫ్లాస్కు సంచి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, సంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆట సగమయ్యాక చెప్పాడు, అది పోయిన ఏడు చనిపోయిన తన భార్య చోటట. నువ్వు వద్దన్నాక ఇంకెవరినీ అడగాలనిపించలేదు అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది చలికాలాలు ఆ చోటు నాదే.

ఆయనా పోయి చాలాకాలమైంది. దుకాణంలో ఇప్పుడు కొరియర్ పార్సిళ్ళు ఇస్తున్నారు. ఇక నా పెళ్ళి మాటంటారా, సంబంధం వాళ్ళు అడిగిన ఒక్కసారీ ఇప్పుడే తొందరేముందిలెండి అన్నాను, వాళ్ళు మళ్ళీ అడగలేదు. రెండో కార్డు మాత్రం ఏటా తీసుకుంటూనే ఉన్నాను, ఆ చోటు వదులుకోవడానికి మనసొప్పక.

మా పై అంతస్తులో ఎమ్మెస్ చదివే కరీంనగర్ అమ్మాయి ఉంటుంది. ఈ శుక్రవారం మెట్ల మీద కనబడితే ఆటకు రమ్మని పిలిచాను. వద్దంది. ఆ మాట నాకు తెలియనిదా, రెండోసారి అడిగాను, మూడోసారీ అడిగాను. నవ్వింది. “మొహమాటమేం లేదంకుల్, నిజంగనే వద్దంటున్న. నాకు ఆటలంటే ఇష్టముండదు” అంది. పోనీలే, ఈ పిల్ల నాలాగా ఒక చలికాలం పోగొట్టుకోదు అని సంతోషించాను. ట్రామ్ ఎక్కాక మాత్రం దిగులేసింది. బతిమాలించుకోవడమూ బతిమాలడమూ మన వాళ్ళలోనూ అయిపోయినట్టే ఉంది.

స్టేడియంలో నా పక్క చోట్లో ఫ్లాస్కు సంచి పెట్టుకుని నిలబడ్డాను. ఆట మొదలయ్యే ముందు నా ఈడు మనిషే ఒకాయన, ఒంటరిగానే వచ్చినట్టున్నాడు, ఇక్కడ ఖాళీయేనా అని అడిగాడు. నోరు జారింది. లేదండీ, మనిషి వస్తారు అన్నాను. ఆయన సరేనని తలూపి వెళ్ళిపోయాడు. మళ్ళీ అడుగుతాడేమోనని ఆట అయ్యేదాకా అటే చూశాను.