మామిడి లారీలు మోసిన పేరు

ఆ ఇంగ్లీషు సినిమా చిత్తూరులో ఉదయం ఆటగా కొద్దిరోజులే ఆడింది. మాటలు మాకు సగం కూడా అందలేదు. అయితేనేం, కథ మాత్రం నేరుగా గుండెలోకి దిగిపోయింది. సముద్రం పక్క ఊళ్లో కార్లు కడుక్కునే కుర్రకారు కలిసి ఒక పాట కడతారు. అది రేడియోలో వస్తుంది. తెల్లారేసరికి ఊరు ఊరంతా వాళ్ల వెంట పడుతుంది. అంతే. ఎవరూ చావరు, ఎవరూ ఏడవరు. హాలు బయట ఎండలో నిలబడ్డాక కూడా మాకు ఒళ్లు కుదురుగా లేదు.

"మనం గూడా అట్టా అవుతామంటావా?" అన్నాడు గిటారు వాయించే స్నేహితుడు.

"ఎందుకు కామూ!" అన్నాను. రేపటికల్లా ఏర్పాట్లు చేయించేవాడి ధీమా నాది.

మేం నలుగురం. గిటారు వాడు మిషను కాంపౌండులో పెరిగిన క్రైస్తవుల పిల్లవాడు. చర్చిలోనే గిటారు పట్టాడు. వాడి చెల్లెలు పాడేది. మైకు ముందు నిలబడితే ఆ అమ్మాయికి భయమంటే ఏమిటో తెలియదు. మా ముగ్గురి భయాలూ కలిపి ఆమె అన్నే పడేవాడు. అకార్డియన్ వాడిది బట్టల అంగడి కుటుంబం. నేను డ్రమ్స్. కాలేజీ చదువు పేరుకి ఉండేది, ఆర్కెస్ట్రానే మా లోకం.

నా కష్టమల్లా ఇంట్లో ఉంది. మా నాయన నాదస్వర విద్వాంసుడు. చిత్తూరు చుట్టుపక్కల పెద్ద పెళ్లిళ్లకు ఆయన మేళమే వెళ్లేది. నాకు చిన్నప్పుడే డోలు నేర్పించాడు, తన వెనక కూర్చుని వాయిస్తానని. నేను డోలు మానేసి డ్రమ్స్ వైపు పోవడం ఆయనకు పెద్ద దెబ్బ. ఆ వేసవిలో ఒక పొద్దున పిలిచి కూర్చోబెట్టాడు.

"సూడు. ఆషాఢం పోయి శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోగా తేల్సుకో. నా ఎనకాల డోలు కట్టుకోని కూసుంటావా, ఆ డబ్బాలు కొట్టుకుంటా పోతావా? రెండూ అంటే ఈ ఇంట్లో కుదర్దు."

నాయన ఒక మాట అన్నాడంటే అది రాయి మీద చెక్కినట్టే. నాకు నాయన కావాలి, ఆర్కెస్ట్రా కావాలి. ఏది వదలమన్నా ప్రాణం ఒప్పుకోవడం లేదు. సరే, శ్రావణం ఇంకా దూరముందిలే అని నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను.

ఇంతలో బంగారుపాళ్యంలో పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిది మామిడి తోటల కుటుంబం, అకార్డియన్ వాడికి చుట్టాలు. మా వైపు రిసెప్షన్ ముందురోజు సాయంత్రమే పెడతారు కాబట్టి ఆ పాటలు మాకు, మర్నాడు ఉదయం ముహూర్తానికి మేళం మా నాయనకు. మా పాటలు బాగానే సాగాయి. వినేవాళ్లు విన్నారు, తినేవాళ్లు తిన్నారు. చుట్టాల పెళ్లి కదా, సామాను పందిట్లోనే ఉంచి రాత్రికి అక్కడే ఉండిపోయాం. అసలు సంగతంతా ఉదయం జరిగింది.

నాయన మేళం పలమనేరులో ఇంకో పెళ్లి ముగించుకుని బస్సులో రావాలి. అది మామిడి కాపు ముమ్మరంగా ఉన్న కాలం. రోడ్డు మీద కాయల లారీలు బారులు తీరి బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముహూర్తం ముంచుకొస్తోంది, మేళం జాడ లేదు. తాళి కట్టే క్షణాన తుమ్మో ఏడుపో చెవిన పడకూడదని వాయిద్యాలన్నీ ఒక్కసారిగా హోరెత్తిస్తాయి చూడండి, ఆ గట్టిమేళం లేకుండా కట్టించనని పురోహితుడు కూర్చున్నాడు. పెళ్లికూతురి తండ్రి కండువాతో చెమట తుడుచుకుంటూ మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందో ఒగటి కొట్టండప్పా! గడియ దాటిపోతా ఉండాది!"

"మేము సినిమా పాటలోళ్లం మామా," అని అకార్డియన్ వాడు నీళ్లు నమిలాడు. నాకు మాత్రం చేతులు అప్పటికే దురద పెడుతున్నాయి. గట్టిమేళం నాకు కొత్తా? నడక వచ్చిననాటి నుంచి విన్నది. "నువ్వు శ్రుతి పట్టి వదలొద్దు," అన్నాను వాడితో. గిటారు వాడితో, "నీకు తెలిసినవాటిల్లో అన్నింటికన్నా జోరుగా ఉండేది ఎత్తుకో," అన్నాను. పురోహితుడు వేలు పైకెత్తి ఆడించాడు. మొదలుపెట్టాం.

ఏం చెప్పను ఆ హోరు! డోలు మీద కర్రతో, వేళ్లతో పలికించే దరువంతా డ్రమ్స్ మీదికి దించేశాను. డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్లేలు మోగించాను, కాలితో పెద్ద డ్రమ్మును తొక్కాను. పందిరి గుంజలు అదిరాయి. అక్షింతలు వెయ్యడం మరిచి జనం మా వైపు తిరిగారు. మూడు ముళ్లూ పడ్డాక గానీ గిటారు వాడు ఏం వాయిస్తున్నాడో నా చెవికెక్కలేదు. క్రిస్మస్ ముందు వాళ్ల చర్చి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాడే పాట అది! వాడి చెల్లెలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వుతోంది. పురోహితుడు మాత్రం, "భేష్, మంచి మంగళకరంగా ఉండాది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే పందిరి వాకిట్లో నాయన కనబడ్డాడు. లారీల మధ్య నుంచి నడిచి వచ్చాడు. చంకలో నాదస్వరం, ఒళ్లంతా దుమ్ము. ఆయన నావైపు ఒక చూపు చూసి, కాళ్లు కడుక్కుని, కూర్చుని మిగతా తంతుకు వాయించాడు.

రోడ్డు మీద చిక్కుకున్న లారీ డ్రైవర్లు పందిరి చుట్టూ చేరి అంతా చూశారట. కాయలతో పాటు మా కబురు కూడా వేసుకుపోయారు. రేణిగుంటలో దించారు, నాయుడుపేటలో దించారు. "గట్టిమేళం పిల్లోళ్లు" అని మాకు ఎవరు పెట్టారో పేరు, అదే నిలిచిపోయింది. పెళ్లి తర్వాత పెళ్లి! ముహూర్తం వేళకు మేళం పక్కనే మమ్మల్నీ కూర్చోబెట్టేవారు. మా కాళ్లు నేల మీద ఆనలేదు. సినిమాలో వాళ్ల వెంట అమ్మాయిలు పడ్డారు. మా వెంట పుత్తూరు బస్టాండులో ఒక అవ్వ పడింది. నా బుగ్గ పట్టి మెలితిప్పి, "నా మనవరాలి పెండ్లికి రాకపోతే సూడు!" అని బెదిరించింది. నేను అదే మహాభాగ్యమనుకుని బుగ్గ తడుముకుంటూ ఊరంతా తిరిగాను. ఒక్కటే వెలితి. మేము సొంతంగా కట్టుకున్న పాట ఒకటుండేది. అది పాడనిచ్చేవాళ్లే లేరు, అందరికీ గట్టిమేళమే కావాలి.

ఆషాఢంలో ఒక పెద్ద ఇంటి మనుషులు శ్రావణం ముహూర్తం మాట్లాడటానికి మా ఇంటికొచ్చారు. నాయన ఆదరంగా చాప పరిచాడు. వాళ్లు నసిగి నసిగి చెప్పారు, "మేళం వద్దులే అన్నా. మీవాడి గుంపు వస్తే సాలు." నేను లోపలి నుంచి విన్నాను. నాయన, "అట్లే కానీండప్పా," అని మర్యాదగా సాగనంపి, నాదస్వరం గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. అంతసేపు తుడవాల్సిన దుమ్ము దాని మీద లేదు. నాకు వచ్చిన పేరంతా ఆయన దగ్గర్నుంచి లాక్కొచ్చిందేనా అనిపించి ఆ పూట అన్నం సహించలేదు.

తిరుపతిలో ఒక కాలేజీ వాళ్లు కచేరీకి పిలిచింది ఆ వారంలోనే. మైదానం నిండా పిల్లలు. మేం స్టేజీ ఎక్కగానే ఈలలు, కేకలు. రెండు సినిమా పాటలు అయ్యాయో లేదో, అందరూ వేళ్లు పైకెత్తి ఆడిస్తూ మొదలుపెట్టారు. "గట్టిమేళం! గట్టిమేళం!" గిటారు వాడు నావైపు చూసి, కానియ్ అన్నట్టు తల ఊపాడు. నేను కర్రలు ఎత్తాను. పక్కగా వేసిన కుర్చీల్లో నాయన కూర్చుని ఉన్నాడు.

ఆషాఢమాసం. తిరుపతిలో ఆయనకు ఏ ముహూర్తమూ లేదు. మా కచేరీ వినడానికి తప్ప ఆయన అక్కడికి రావలసిన పనే లేదు. చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తాళి లేనిచోట గట్టిమేళం వాయించకూడదని ఆయన నాకు వేరుగా చెప్పనక్కర్లేదు, మేళగాళ్ల ఇంట్లో పుట్టినవాడికి అది తెలియందేం కాదు. వాయించకపోతే ఈ జనం గోల చేసి దించేస్తారు, వచ్చిన పేరు వచ్చినట్టే పోతుంది. వాయిస్తే ఆయన లేచి వెళ్లిపోతాడు. ఆ సంగతి నాకు కళ్లకు కట్టినట్టు తెలుస్తోంది.

మైకు నా వైపు లాక్కున్నాను.

"గట్టిమేళం తప్పకుండా వాయిస్తా. తాళి కట్టేవాళ్లెవరో ముందు పైకి రండి!"

మైదానమంతా ఒక్క నవ్వు! అమ్మాయిలు మొహాలు దాచుకున్నారు. ఎవణ్నో స్నేహితులు ముందుకు తోస్తే వాడు పంచె ఎగగట్టి పరుగో పరుగు. ఆ నవ్వు ఆగకముందే గిటారు వాడి చెల్లెలు మా సొంత పాట ఎత్తుకుంది. ఆ పిల్ల తెగువకు దండం పెట్టాలి! రెండో చరణానికి జనం చప్పట్లతో తాళం వేస్తున్నారు. అయిపోయాక మళ్లీ పాడమన్నారు. నా ఒంట్లో రక్తమంతా గంతులేసింది.

స్టేజీ దిగి నేరుగా నాయన వైపు నడిచాను. నేను వచ్చేది ఆయన చూడలేదు. పక్క కుర్చీలో కుర్రవాడెవరో ఆయన్ని అడుగుతున్నాడు.

"ఏం పెద్దాయనా, ఈళ్లు మీకు తెలుసా? మా అక్క పెండ్లికి పిలవాల."

"తెలీకేమప్పా," అన్నాడు నాయన. "ఆ నలుగురూ మా మేళమే. ముహూర్తం ఎప్పుడో చెప్పు, అందరం కలిసే వస్తాం."

నేను వెనక్కి తిరిగి మావాళ్లు ముగ్గుర్నీ గొంతు చించుకుని పిలిచాను. వాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

"నాయనా, ఆ మాట ఇంగోసారి చెప్పు," అన్నాను. "ఈళ్లు వినలా."