చారాణా బోణీ

నా చిన్నప్పుడు తార్నాక ఆటో స్టాండులో మా తాతయ్య మాటంటే మాటే. మా ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో, యూనివర్సిటీ గోడకు ఆనుకుని ఉండేది. పక్కింటి అక్క క్యాంపస్ హాస్టల్ మెస్‌లో వంట చేసేది.

ఆ అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎవరో దాతల పుణ్యాన ఆపరేషన్ అయింది. ఆ పైన కరెంటు పెట్టించుకోవడానికి, అదే రేడియేషన్‌కు, రోజూ పెద్దాసుపత్రికి పోవాలి. వైద్యం ఉచితమే గానీ అంత దూరం చేరేదెట్లా? రెండు బస్సులు మారి, నిలబడి పోయి పోయి ఆమె నీరసించిపోయింది. మధ్యలో మానేస్తే రోగం తిరగబెడుతుందని డాక్టరు హెచ్చరించినా, ఇంక పోనని కూర్చుంది. తాతయ్య తన ఆటో ఎక్కమంటే, ఊరికే ఎక్కనని మొండికేసింది.

మర్నాడు పొద్దున్నే తాతయ్య మొహం వేలాడేసుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, గిరాకీ మొత్తం సల్లబడ్డది. నీ చెయ్యి మంచిది. చారాణా ఇచ్చి బోణీ చెయ్యి, నిన్ను గాడ దించి నా గిరాకీ నేను చూసుకుంట."

బోణీ అడిగితే కాదనే అలవాటు మా బస్తీలో లేదు. అక్క కొంగుముడి విప్పి పావలా బిళ్ల తీసింది. తాతయ్య ఆ చారాణాను కళ్లకద్దుకుని, మీటరుకు తాకించి బండి తీశాడు. నాకు నవ్వాగలేదు. తెల్లారకముందే స్టేషన్ గిరాకీలు కొట్టి వచ్చిన మనిషాయన. ఆ మాట అనబోతే కళ్లతోనే నా నోరు మూయించాడు.

ఇక స్టాండులో అక్క బోణీ కోసం వంతులు. అప్పటికే ఊరంతా తిరిగొచ్చినవాడు కూడా అప్పుడే నిద్రలేచినట్టు ఆవలించేవాడు. ఒకరోజు కొత్త డ్రైవరు జాలిపడి చారాణా వద్దన్నాడు. అక్క దిగి ఇంటిదారి పట్టింది. స్టాండు మొత్తానికి బోణీ చెడగొట్టావని తాతయ్య వాణ్ణి అందరూ వినేలా చెడామడా తిట్టేసరికి, అక్కే వెనక్కొచ్చి వాడి చేతిలో చారాణా పెట్టి ఎక్కింది.

కరెంటు ఆఖరి రోజున ఆమె ఆటో వెనక స్టాండులోని బండ్లన్నీ కదిలాయి. తిరుగు దారిలో క్యాంపస్ రోడ్డంతా హారన్లే. హాస్టల్ పిల్లలు గేటు దగ్గరకొచ్చి ఈలలు వేశారు. గెలిచామని నేను గొంతు పోయేలా అరిచాను.

కొన్నాళ్లకు అక్క మళ్లీ మెస్‌లో గరిటె పట్టింది. ఒకనాడు బౌద్ధనగర్ నుంచి ఒక చిక్కిపోయిన ఆవిణ్ణి వెంటబెట్టుకుని స్టాండుకు వచ్చింది.

"కాకా, ఈమె చెయ్యి గూడ మంచిదే. రేపటి బోణీ ఈమెది."

అక్క ఎప్పుడో కనిపెట్టిందన్నమాట. తాతయ్య మాత్రం మొహంలో ఏమీ తెలియనివ్వకుండా తలూపాడు.

నేనిప్పుడు క్యాన్సర్ రోగులను నా కారులో ఆసుపత్రికి తీసుకెళుతుంటాను. దిగేటప్పుడు వాళ్లు అరటిపండు ఇస్తే వద్దనను. రెండు చేతులా తీసుకుని, వాళ్ల ముందే తింటాను.