ఒకే తీగ, రెండు వాటాలు

బ్రాడ్‌బ్యాండు కొత్తగా వచ్చిన రోజుల్లో తాడేపల్లిగూడెంలో మా ఇంటికి దాన్ని తెప్పించింది అమ్మా, పిన్నీ. అప్పటికే నాన్నకీ బాబాయికీ మాటల్లేవు. గణపవరం దగ్గర పొలం పంచుకున్నాక బాబాయి తన వాటాని చేపల చెరువుగా తవ్వించాడు. దాని ఊట గట్టు కిందనుంచి నాన్న వరిచేలోకి దిగి, కోతల వేళకి కూడా కాలు దిగబడేది. నాన్న ఒక మాటన్నారు, బాబాయి రెండన్నాడు. ఆ రోజునుంచి కింద మేము, మేడ మీద వాళ్ళు. మెట్ల దగ్గర ఎదురుపడితే అన్నదమ్ములిద్దరూ చెరో గోడనీ చూసుకునేవారు. బాబాయి మీద నాకు ఒళ్ళు మండిపోయేది. తోడికోడళ్ళు మాత్రం కూరగిన్నెలు పైకీ కిందికీ తిప్పుతూనే ఉండేవారు. ఇంటర్నెట్టునీ అలాగే తిప్పారు. కనెక్షను కింద, తీగ కిటికీలోంచి పైకి.

నేను అప్పట్లో ఊళ్ళో కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని. నాన్నకి తెలుగు టైపు నేర్పింది నేనే. నేర్చుకున్నాక ఆయన్ని ఆపడం ఎవరితరం! తెలుగువాళ్ళు చేరి కబుర్లు చెప్పుకునే ఒక సైటులో వరి గురించి, కొల్లేటి చుట్టూ పుట్టుకొచ్చిన చెరువుల గురించి రాసేవారు. వాక్యానికో ‘అండీ’ పడాల్సిందే. అక్కడ ఆయనకో ప్రత్యర్థి దొరికాడు. ‘కొల్లేటి కొంగ’ అని పేరు పెట్టుకున్న మనిషి. వరి మీద మిగిలేదేముంది, చేపే లేకపోతే ఇక్కడ పొయ్యి వెలుగుతుందా అని గీపెట్టేవాడు. నాన్న భోజనాల దగ్గర వాడి మాటలు చెప్పి మురిసిపోయేవారు.

“మొండిఘటమే గానీ విషయమున్నవాడే. చెరువులో దిగిన మనిషి. వీడితో వాదిస్తేనే నాకు అన్నం సయిస్తోంది.”

ఒకరోజు ఇద్దరి ఖాతాలకీ తాళం పడింది. సైటు నడిపేవాళ్ళు నాన్నకి మెయిలు పెట్టారు. రెండు పేర్లూ ఒకే ఇంటర్నెట్టు చిరునామా నుంచి వస్తున్నాయనీ, ఆయన తనతో తనే పోట్లాడుకుంటూ అందరినీ ఆడిస్తున్నారనీ, అసలు పేరేదో చెబితే అదొక్కటీ ఉంచి రెండోది తీసేస్తామనీ దాని సారాంశం.

నాన్న మొహం నల్లబడిపోయింది. అబద్ధాలకోరని ఆయన్ని ఎవరూ అని ఎరగరు. సైటులో గురువుగారూ అని పిలిచేవాళ్ళందరి ముందూ దొంగనయ్యానే అని కంచం ముందునుంచి లేచిపోయారు.

“నా చిరునామా ఇంకొకడికెలా వెళ్తుందే అమ్మాయ్?”

“ఇంటిపేరు లాంటిది నాన్నా. ఇంట్లో ఒక్కో కంప్యూటరుకీ ఒక్కో నంబరుంటుంది, మన పేర్లలాగా. అది గుమ్మం దాటదు. బయటికి ఏది వెళ్ళినా ఈ మోడెం డబ్బా తన నంబరే వేసి పంపుతుంది. ఊరికి కనపడేది ఆ ఇంటిపేరొక్కటే.”

“మరి జవాబొస్తే ఎవరిదో ఎలా తెలుస్తుంది?”

“అడిగిందెవరో డబ్బా గుర్తుపెట్టుకుంటుంది. వచ్చింది వచ్చినట్టు వాళ్ళకే అందిస్తుంది.”

“మీ అమ్మలాగన్నమాట. చేపలావిడ వస్తే రెండు వాటాల బేరమూ తనే ఆడి, ఎవరివి వాళ్ళకి పంచుతుంది.”

“అంతే నాన్నా,” అన్నాను తేలిగ్గా. ఆయన మాత్రం డబ్బావంక చూస్తూ ఉండిపోయారు. ఇంట్లోకి దాన్నుంచి వెళ్ళేవి రెండే తీగలు. ఒకటి మా కంప్యూటరుకి. రెండోది కిటికీలోంచి పైకి.

“కొంగ మనింట్లోనే ఉందటే?”

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. మెట్ల మీద నోరు విప్పని ఇద్దరూ నెలల తరబడి రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, పైగా మీరు మీరని మర్యాదలు కూడాను. తమ్ముడి పేరు తీయించేస్తే నాన్న పరువు దక్కుతుంది. నేనైతే ఆ పనే చేసేదాన్ని, నా కోపం అలాంటిది. ఆయన నన్ను పక్కకి జరగమని, తనే కూర్చుని టైపు చేశారు.

‘రెండూ అసలు పేర్లేనండీ. ఆ కొంగ నా తమ్ముడండీ. ఆ సంగతి నాకూ ఇవాళే తెలిసిందండీ. ఒకరిని తీసెయ్యక తప్పదంటే నన్ను తీసెయ్యండి. వాడు చెప్పాల్సింది ఇంకా ఉందండీ.’

ఆ జవాబు చదువుతుంటే నాన్న మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. సైటువాళ్ళకీ అలాగే అనిపించిందో ఏమో, ఇద్దరి తాళాలూ తీసి, ఆయన మాటల్ని అందరికీ కనపడేలా పెట్టారు. మర్నాడు పొద్దున్న వాటి కింద కొంగ జవాబు ఉంది. ఈసారి గీపెట్టడం లేదు.

‘అన్నయ్యా, చెరువు గట్టు పక్కన ఊట కాలువ తవ్విస్తాను. నీ చేలోకి నీళ్ళు రావు.’

నాన్న చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. జవాబు రాస్తారని కీబోర్డు ఆయన ముందుకి జరిపాను. దాన్ని ముట్టుకోలేదు. లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి, తలెత్తి కేకేశారు.

“ఒరేయ్, ఆ కాలువ ఎంత లోతు తవ్విస్తావో కిందికొచ్చి చెప్పు!”