తగిన సైజు చిల్లులు

హజీరాలోని మా కంపెనీ తాను తయారుచేసిన ధాన్యం ఆరబెట్టే యంత్రం పేటెంటును రైతులకు ఉచితంగా వదిలేసిందని సూరత్ తెలుగువాళ్ల సభలో ప్రకటించింది నేనే. శాలువా కప్పించుకున్నదీ నేనే. "విజ్ఞానానికి తాళం వేయకూడదు" అని కూడా అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ పేటెంటు కాగితం రాసిందీ నేనే. ఊక మంట, వేడిగాలి, చిల్లుల రేకు, దాని మీద గింజలు. యంత్రమంతా అంతే. ప్రాణమంతా ఆ చిల్లుల్లోనే ఉంది. కాగితంలో మాత్రం "తగిన సైజు చిల్లులు" అని రాసి ఊరుకున్నాను. ఎంతయితే తగినదో నా డైరీలో ఉంది. పోటీ కంపెనీలకు అందకుండా పన్నిన ఎత్తు అది.

తర్వాతి ఆదివారం గోడాదరా నుంచి ఓ మరమగ్గాల మెకానిక్ ఆల్థాన్‌లోని మా ఇంటికొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. చేతిలో మా పేటెంటు కాగితం నకలు. ఊళ్లో వాళ్లన్న మొక్కజొన్న కోశాడు, వాన వదలడం లేదు. ఆరకపోతే పంటంతా బూజు పడుతుంది. ఇక్కడే పల్సానాలో తెలిసిన రేకుల షాపులో యంత్రం చేయించి పంపుతాడట.

గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాను.

"సార్, తగిన అంటే ఎంత సార్?"

"అది చేసి చూసుకోవాలయ్యా."

"మీరు చేసి చూసిన్రు గద. జర ఆ నంబర్ చెప్పున్రి, పోత."

"మేమిచ్చింది పేటెంటు. మా అనుభవం కాదు. దానికి పర్మిషన్ కావాలి."

అతను నవ్వాడు. "మంచిగున్నది సార్. పెండ్లికి పిలిచి, ఇస్తారాకు మీ ఇంటికాడికెల్లి తెచ్చుకోండ్రి అన్నట్టున్నది."

పర్మిషన్ నేనెవరినీ అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్లే. ఆ ఒక్క అంకె కూడా చెప్పేశాక నా గుమ్మం ముందు ఎవరు నిలబడతారన్నదే నా బెంగ.

పది రోజులు అలాగే నెట్టాను. జగిత్యాలలో మళ్లీ వాన అని వార్తల్లో విన్నాక అతనిచ్చిపోయిన నంబరుకు ఫోన్ చేశాను.

"ఐదు మిల్లీమీటర్లు" అన్నాను, ప్రాణదానం చేస్తున్నవాడిలా.

"ఎరుకైంది సార్. మొదలు మూడు మిల్లీమీటర్లయి కొట్టించి పంపినం. గాలాడక కింది మక్కలు మాడినై, మీదియి బూజు పట్టినై. ఊళ్లెనే రేకు మార్చి నాలుగు కొట్టిస్తే గట్లనే. ఐదుకు కుదిరింది. గప్పటికి సగం పంటే మిగిలింది."

నేను చేతిలోని డైరీ మూసేశాను.

"పల్సానా షాపుల గోడ మీద రాసిపెట్టిన సార్, చిల్లు ఐదు అని. ఎవలకు కావాల్నో చూసుకపోతరు. పర్మిషన్ మా అన్ననడిగిన. సగం పంట పెట్టి కొన్నది ఆయనే గద."

మర్నాడే ఆఫీసులో అర్జీ పెట్టాను, పేటెంటు కాగితంతో పాటు ఆ అంకె కూడా అందరికీ ఇవ్వమని. తగిన సమయంలో పరిశీలిస్తామని జవాబొచ్చింది. అలా రాయడం వాళ్లకు నేర్పింది నేనే.