మళ్లీ కాంట

మా ఆయన తండ్రి, మా మామ దేవిదాస్ ఆర్మూర్ మార్కెట్ యార్డులో ముప్పై రెండేళ్ళు దడ్వాయి. రైతు తెచ్చిన పసుపు సంచిని కాంటా మీద పెట్టించి, బరువు పైకి అరిచి చెప్పే పని. ఒక్క కిలో కూడా అటూ ఇటూ చెప్పలేదని ఆయన ఒట్టు. ఆ ఒట్టు నేను నమ్ముతాను, ఊరు నమ్మదు. ఇక్కడ దడ్వాయి దేవుడికి దండం పెట్టినా ఎన్ని కిలోలు కొట్టేశాడో అనే అంటారు.

రిటైరయ్యాక అదే మనసులో పెట్టుకొని ఒక ఆట తయారుచేశాడు. నాది శుభలేఖల ప్రింటింగ్ షాపు కాబట్టి మిగిలిన అట్టలతో కార్డులు కోసిచ్చాను. దడ్వాయిగా కూర్చున్నవాడు ఒక కార్డు తీసి, తానొక్కడే చూసి, దాని మీదున్న బరువు చెప్పాలి. ఎదుటి రైతు "నమ్మిన" అంటే కార్డు ఎవరికీ చూపకుండా గోనెసంచిలో వేసెయ్యాలి, రైతుకు ఒక పాయింటు. అనుమానముంటే "మళ్లీ కాంట" అనాలి, అప్పుడు కార్డు తిప్పి చూపాలి. చెప్పింది నిజమే అయితే రైతుకు ఒక పాయింటు పోతుంది. వీటన్నిటికీ పైన మామ రాసిన రూలు: దడ్వాయి అబద్ధం చెప్పకూడదు.

"ఒక్కసారన్న నా ముంగట కూసొని నమ్మిన అనాలె. గంతే నాకు కావాల్సింది," అన్నాడు.

ఆదివారం వేల్పూర్ రైతు రాజన్న, పక్కింటి గంగామణి, హమాలీ జయరాజ్ వచ్చారు. రాజన్న పసుపంతా మామ తూచిందే. ఆయన టీ తాగేది మా ఇంట్లో, తిట్టేది మా మామను. మామ మొదటి కార్డు తీసి "అరవై" అన్నాడు.

"మళ్లీ కాంట," అన్నాడు రాజన్న.

అరవయ్యే. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. మామ రూలు రాసిన కాగితం తెచ్చి ముందు పెట్టాడు.

"గీ రూల్ చూస్తేనే నాకు అనుమానం. గుమ్మడికాయల దొంగ అంటే బుజాలు తడుముకున్నట్టుంది," అన్నాడు రాజన్న. జయరాజ్ ఆవలించాడు. అబద్ధమే లేకపోతే ఇంక నమ్ముడేందని గంగామణి లేచిపోయింది.

ఆమె అన్నదే నిజం. దడ్వాయి అబద్ధం చెప్పొచ్చు, దొరికితే పాయింటు పోతుంది, దొరకకపోతే వస్తుంది అని రూలు మార్చమన్నాను. "నా చేత్తోని దొంగతనం రాయిస్తవా?" అని మామ కంచం నెట్టేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. వారమంతా నాతో మాట్లాడలేదు. చివరికి ఆ రూలు నేనే రాశాను.

మళ్ళీ ఆదివారం ఆటకు ప్రాణం వచ్చింది. గంగామణి దడ్వాయిగా కూర్చుని అడ్డంగా దొరికిపోయి పగలబడి నవ్వింది. తర్వాత మామ వంతు. రాజన్న ఐదుసార్లు "మళ్లీ కాంట" అన్నాడు. ఐదుసార్లూ మామ చెప్పింది నిజమే, రాజన్నకు ఐదు పాయింట్లు పోయాయి.

"మామాకోడండ్లు కలిసి కార్డుల మీద గుర్తులు పెట్టిండ్రు," అన్నాడు రాజన్న.

చేతిలో టీ గ్లాసు విసిరికొడదామన్నంత కోపం వచ్చింది నాకు. మామ చెవులు ఎర్రబడ్డాయి. ఆరో కార్డు తీసి చూశాడు. "యాభై ఎనిమిది" అన్నాడు.

రాజన్న నోరు తెరిచి, ఏమనుకున్నాడో, తల దించుకున్నాడు.

"దేవిదాసన్నా, ఐదుసార్లు అనుమానపడ్డ. ఐదుసార్లు నిజమే చెప్పినవ్. తప్పు నాదే. నమ్మిన."

ముప్పై రెండేళ్ళు మామ ఎదురుచూసిన మాట అది. రూలు ప్రకారం కార్డు చూపాల్సిన పని లేదు, సంచిలో వేసేస్తే సరిపోయేది. మామ చెయ్యి సంచి దాకా వెళ్ళి ఆగిపోయింది. కార్డు తిప్పి చాప మీద పెట్టాడు.

అరవై ఒకటి.

"చూసిండ్రా?" రాజన్న ఎగిరి లేచాడు. "ముప్పై ఏండ్ల సంది మొత్తుకుంటున్న, ఎవ్వలన్న ఇన్నరా?"

ఆటలో అబద్ధం చెప్పొచ్చు కదా అని నేను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని వేల్పూర్ ఆటో కోసం వెళ్ళిపోయాడు.

మామ కార్డులన్నీ ఏరి నా చేతిలో పెట్టాడు.

"ఆట మంచిగైంది బిడ్డా," అన్నాడు. "నేనే ఖరాబైన."