పెనిటాలా పెట్టని సంతకం

పగటిపూట పెనిటాలా పవర్‌హౌస్ తరఫున ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునేవాడు. ఫునాఫుటి దీవిలో ఆయన్ని ఆ పనితో గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. ఊరు రెండు పక్షాలుగా విడిపోయి, ఊరి సభాశాల మనెయాపాలో ఎదురెదురుగా కూర్చుని పోటీగా పాడి ఆడే ఫాతెలె రోజున, సముద్రపు మడుగు వైపు పక్షానికి పాట కట్టేది ఆయనే. పాతికేళ్లుగా ఆ మాటకు తిరుగు లేదు. పెళ్లయినా, కొత్త పడవ నీట దిగినా, పాస్టరుగారికి వీడ్కోలు చెప్పాలన్నా, "పెనిటాలాని అడగండి" అనేవారు. అలా అన్నప్పుడల్లా ఆయన నేల చూపులు చూసేవాడు కానీ లోలోపల పొంగిపోయేవాడు.

బౌరో వచ్చేదాకా అంతా బాగానే ఉంది.

బౌరోది పక్క దేశం కిరిబాటి. చేపల కోసం పెట్టిన ఐసు ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకోడానికి ఆరేళ్ల కింద వచ్చాడు. లావుపాటి మెడ, ముందుపన్ను ఒకటి లేదు. మొదట్లో, డప్పులా వాడే చెక్కపెట్టె చుట్టూ కూర్చుని చరిచే మగవాళ్ల వెనక, ఓ మూల కూర్చుని చేతులతో తాళం కలిపేవాడు. భాష వచ్చాక గొంతూ కలిపాడు. రెండేళ్ల కింద ఎవరో సరదాకి అడిగితే ఓ పాట కట్టాడు. చేపల వేటకెళ్లి దారి తప్పిన పడవ పాట అది. మెల్లగా మొదలై, ఎప్పుడు వేగం అందుకుందో తెలియకుండానే ఆడవాళ్ల కాళ్లను లాక్కుపోయింది. ముసలి తెయాగయి, పక్షానికి పెద్ద, కళ్లు తుడుచుకున్నాడు. పెనిటాలా పాతికేళ్లలో కట్టిన ఏ పాటకూ ఆయన కళ్లు తుడుచుకోలేదు.

మర్నాడు పెనిటాలా భార్య తెయిమానా కొబ్బరి కోరుతూ ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఏంటా పాట?"

"ఏమో, నోట్లో ఆడుతోంది."

"వాడిదేగా."

"అయితే ఏం? పాటకి కూడా పాస్‌పోర్టు చూడాలా?" అని నవ్వింది.

పెనిటాలా నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన చెవి ఊరంతా తిరిగేది. బట్టలు ఆరేసేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, ఎవరి నోట చూసినా ఆ పడవ పాటే. మీటరు దగ్గర నిలబడి అంకె రాసుకుంటూ రెండుసార్లు తప్పు రాశాడు.

ఇంతలో ఐసు ఫ్యాక్టరీ వాళ్ల కాంట్రాక్టు అయిపోయింది. బౌరో నివాస పర్మిట్ ఆ ఉద్యోగాన్ని పట్టుకుని ఉన్నది. ఉద్యోగం పోతే, నెలాఖరు శుక్రవారంతో పర్మిటూ పోతుంది. సాయంత్రం చల్లబడ్డాక అందరూ, విమానాలు రాని వేళ, రన్‌వే మీద చేరినప్పుడు, వీసాల ఆఫీసులో తెలుసుకున్నదంతా బౌరో చెప్పాడు.

"ఇంకో కంపెనీ పనిస్తే దాని మీద పర్మిట్ ఇస్తారంట. లేదంటే చుట్టపుచూపు వీసా, అది నెల రోజులే. పని చేయకూడదు."

"పెళ్లి చేసుకోరాదూ! మా పిల్లని చేసుకుంటే పర్మిట్ దానంతటదే వస్తుందిగా," అంది ఓ ముసలావిడ.

"ఈ పన్ను చూసి ఎవరు ఒప్పుకుంటారు పిన్నీ?"

"నోరు మూసుకుని ఉంటే ఒప్పుకుంటారు. అదే నీ వల్ల కాదు!"

అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక బౌరో ఆఖరి దారి చెప్పాడు. ఊళ్లో ఓ పక్షం, ఈ మనిషి మాకు కావాలి, తిండీ నీడా మేం చూస్తాం అని ఉత్తరం రాసి పూచీ పడితే, దాని మీద పర్మిట్ పొడిగిస్తారు.

తెయాగయి అక్కడికక్కడే తేల్చేశాడు. "రాసిద్దాం. పెనిటాలా, పక్షం కార్యదర్శివి నువ్వే కదా. సంతకం పెట్టి ఇచ్చెయ్."

"సోమవారం ఇస్తాలెండి," అన్నాడు పెనిటాలా.

ఉత్తరం నిజంగానే రాశాడు. చక్కటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా. సంతకం చేసే చోటు దగ్గర కలం ఆగిపోయింది. కాగితం మడిచి, బైబిలు పెట్టుకునే రేకుపెట్టెలో దాచాడు.

సోమవారం బౌరో వచ్చాడు. "అన్నా, ఉత్తరం..."

"టైపు చేయించాలి. ప్రింటరు పాడైందట."

గురువారం మళ్లీ వచ్చాడు, చేతిలో పెద్ద ట్యూనా చేపతో. ఉత్తరం ఊసెత్తలేదు. చేప ఇచ్చి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోయాడు. అడగకపోవడమే పెనిటాలాని ఎక్కువ మండించింది. వీడికి అభిమానం కూడా నాకంటే ఎక్కువేనా అనుకున్నాడు.

ఆ శనివారమే కొత్త మనెయాపా తెరిచారు. పక్షం పెద్దలు ఎంచుకున్నది బౌరో పాట. పెనిటాలా పెట్టె ముందు కూర్చుని చరచక తప్పలేదు. పాట వేగం అందుకునేసరికి ఆయన అరచేతులు వాటంతటవే పరుగెత్తాయి. ఒళ్లు పులకరించింది. పాట అంత బాగుందని ఆయన చేతులే ఒప్పుకున్నాయి. అది చాలు, ఆ కాగితం ఇంకో వారం రేకుపెట్టెలోనే ఉండటానికి.

నెలాఖరు శుక్రవారం బౌరో విమానం ఎక్కాడు. పక్షమంతా పూలదండలు వేసి సాగనంపింది. ఉత్తరం అందినా ఆఫీసు వాళ్లే ఏదో మెలిక పెట్టారని అందరూ అనుకున్నారు. పెనిటాలా కాదనలేదు. "వస్తా అన్నా, నా పాటలు చూసుకో," అని బౌరో ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఆదివారం తెయిమానా పాటల పుస్తకం కోసం రేకుపెట్టె తెరిచి, ఆ కాగితం చదివింది.

"టైపు చేయించాలన్నావే."

పెనిటాలా చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు.

"మర్చిపోయావా?"

"లేదు."

"మర్చిపోయానని అబద్ధమైనా చెప్పాల్సిందయ్యా," అంది. కాగితం ఎక్కడిది అక్కడ పెట్టేసింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. పోట్లాడనూ లేదు. ఇంట్లో పాడటం మాత్రం మానేసింది. పడవ పాటే కాదు, ఏ పాటా లేదు. పెనిటాలా పాత పాటలు కూడా లేవు. కొబ్బరి కోరే చప్పుడు ఒక్కటే వినపడేది. పది రోజులు ఓర్చుకుని, పదకొండో రోజున ఆయన సంతకం చేసి వీసాల ఆఫీసుకి పట్టుకెళ్లాడు.

అక్కడి గుమాస్తా కాగితం చూసి తలెత్తింది. "మనిషి దేశం దాటాక పొడిగించడానికి ఏముంది? బయటి నుంచి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్, పోలీసు సర్టిఫికెట్, అన్నీ మొదటి నుంచి. పూచీ పడేవాళ్లు ఓపిగ్గా నడిపించుకోవాలి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"అయిదు నెలలనుకోండి. ఈ ఉత్తరం నెల కింద తెచ్చుంటే అయిదు నిమిషాల పని."

ఆ సాయంత్రం పెద్దలు కూర్చున్న చోటికి పెనిటాలా వెళ్లి నిలబడ్డాడు. "ఆఫీసు తప్పేం లేదు. ఉత్తరం నా పెట్టెలోనే ఉండిపోయింది. వాడి పాట నా పాట కంటే బాగుందని సంతకం పెట్టలేదు," అన్నాడు.

తెయాగయి, "తప్పుకి దండుగగా ఓ పందిని కోసి పక్షానికి పెట్టు. వాడి కాగితాలు నువ్వే నడిపించు. మీరిద్దరూ కూర్చుని పాడేదాకా ఈ పక్షానికి కొత్త పాట లేదు," అన్నాడు.

పందిని పెట్టాడు. కూర్చున్నవాళ్లు తిన్నారు గానీ ఆయనతో పెద్దగా మాట్లాడలేదు. బౌరో ఊరు తరావాకి ఉత్తరం రాసి బౌరోకి జరిగినదంతా చెప్పాడు. జవాబులో, డాక్టరు సర్టిఫికెట్ కోసం ఎక్స్‌రే ఎప్పుడు తీయించుకోవాలో అడిగాడే తప్ప ఆ సంగతి ఎత్తలేదు బౌరో. వారానికోసారి ఆఫీసు మెట్లెక్కడం పెనిటాలాకి అలవాటైంది. పోలీసు సర్టిఫికెట్లో పుట్టినతేదీ తప్పు పడితే మళ్లీ తెప్పించాడు. ఆరో నెలలో పర్మిట్ వచ్చింది.

విమానం దిగిన రోజున ఆడవాళ్లంతా బౌరో చుట్టూ మూగారు. ఎవరో పడవ పాట అందుకున్నారు. తెయిమానా గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. పెనిటాలా పర్మిట్ కాగితం పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. గుండెలో ఆ పాత మంట, ఏమీ తగ్గకుండా, మళ్లీ రగిలింది. అయినా నడుచుకుంటూ వెళ్లి కాగితం చేతికిచ్చాడు.

"కొత్త పాట తెచ్చాను అన్నా," అన్నాడు బౌరో.

"తెస్తావనే భయపడుతున్నాను," అన్నాడు పెనిటాలా.

అందరూ హాస్యమనుకుని నవ్వారు. బౌరో మాత్రం నవ్వకుండా ఆయన చెయ్యి పట్టుకుని, "ముందు నువ్వు విను," అని పక్కకి తీసుకెళ్లాడు.