అవ్వ రాగి చెంబు

తిరుపతిలో, ప్రయోగశాలలో నా పని ఇది: అల్జీమర్స్ వచ్చినవాళ్ళ మెదడులో ముద్ద కట్టే పెప్టైడు, అంటే చిన్న ప్రొటీను ముక్క, ఒకటుంది. దాన్ని గాజు గొట్టంలో కరిగించి, రాగి కలిపి, ఎంతసేపటికి ముద్ద కడుతుందో రాసుకోవాలి. మరుసటి రోజు రాగికి బదులు జింకు. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలని మా గైడు మొదటి రోజే చెప్పాడు.

చిత్తూరులో మా అవ్వకు, అంటే నాయన తల్లికి, అదే జబ్బని డాక్టరు తేల్చాడు. ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్ళి వంటింట్లో ఉన్న లోహపు సామాన్ల జాబితా రాశాను. అవ్వ నీళ్ళు తాగే రాగి చెంబు ఒకటి, అల్యూమినియం గిన్నెలు ఆరు, ఇనుప పెనం ఒకటి. అన్నీ ఒకేసారి గోనెసంచిలో కట్టి అటకెక్కించి, స్టీలు సామాను కొన్నాను. స్టీలులోనూ ఎక్కువ భాగం ఇనుమేనని తెలుసు. అది జాబితాలో రాయలేదు.

ఆ ముద్దల్లో రాగి, జింకు, ఇనుము కనిపించే మాట నిజమే. అవే ముద్ద కట్టిస్తున్నాయా, కట్టాక వచ్చి చేరాయా అన్నది తేలలేదు. చెంబు నీళ్ళకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందనడానికి నా దగ్గర రుజువు లేదు. అదీ రాయలేదు.

మంగళవారం అమ్మ ఫోన్ చేసింది. "మీ అవ్వ నిన్నట్నించి నీళ్ళు ముట్టలేదురా. స్టీలు గ్లాసు ఇస్తే, ఇది పక్కింటోళ్ళది, ఇచ్చేసి రాపో అంటాది. సాయంత్రానికి తాగకపోతే సెలైన్ పెట్టాలని డాక్టరు చెప్పినాడు."

మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నాను. అవ్వ పెదవులు ఎండి పగిలాయి. గ్లాసుతో ఇచ్చాను, తోసేసింది. స్టీలు చెంబుతో ఇచ్చాను, వాసన చూసి కింద పెట్టింది. చెంచాతో పట్టబోతే నోరు బిగించింది.

"నా సెంబు ఎవురో ఎత్తుకోని పోయినారబ్బా," అంది నాతో.

"నేనే అవ్వా ఎత్తింది."

"నిన్ను సూస్తానే అనుకున్నా."

నాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "మెదడు గురించి సదివినాడు. దాహం పాఠం ఇంకా రాలేదేమో."

నిచ్చెన వేసి సంచి దించాను. అమ్మ చింతపండుతో చెంబు తోమి, నీళ్ళు నింపి ఇచ్చింది. అవ్వ దాన్ని ఎప్పటిలాగే పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది. గుటకలు లెక్కపెట్టాను. పదకొండు దాకా వచ్చి ఆపేశాను, ఆమె ఆపలేదు.

తర్వాత కొంచెం మిగిల్చి, చెంబు నా వైపు జరిపింది.

"ఎండన పడి వచ్చినట్టుండావు. తాగి ఆడనే పెట్టు. ఎత్తుకోని పోవాకు."

తాగి అక్కడే పెట్టాను.